చీమలకు నేర్పిన పేరు

నా రాత చూసి నవ్వుకోకండి. అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ కుదురుగా నిలబడవు, ఒక పేజీ పూర్తి చేయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇందులో చెప్పిన గొట్టం ఇంకా ఎక్కడా పుట్టలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని కూర్చుని, ఇలాంటిదొకటి ఉంటే ఎలా ఉండునో అని నేను అల్లుకున్న కథ ఇది.

ఎస్తేరు సిస్టర్ కూర్మయ్య ఛాతీ మీది గొట్టానికి ఎర్ర మూత వైపు సిరంజి తగిలించి మెల్లగా వెనక్కి లాగింది. రక్తం రాలేదు. సిరంజి పిడి బిగుసుకుపోయింది.

“కూర్మయ్య బావూ, ఎడమ పక్కకి తిరుగు. కుడి చెయ్యి తల మీదకి ఎత్తు. ఇప్పుడు గట్టిగా దగ్గు.”

కూర్మయ్య తిరిగాడు, ఎత్తాడు, దగ్గాడు. గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో అని సిస్టర్ వేలితో తడిమి చూసింది. కట్టు విప్పి, కుట్లు గొట్టాన్ని పట్టేశాయేమో అని చూసింది. ఉప్పునీళ్ళు ఎక్కించబోతే కొంచెం వెళ్ళి ఆగిపోయాయి. ఆమె బలవంతంగా తొయ్యలేదు. తోస్తే గడ్డ ఊడి గుండెలోకి పోతుందని ఆ వార్డు ఊడ్చే మనిషికి కూడా తెలుసు.

“దాలమ్మా, రోజూ పొద్దున్నే పిలుస్తున్నావు కదా?”

మంచం కాళ్ళ దగ్గర నిలబడిన దాలమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. “పిలుస్తన్నానమ్మా.”

“పచ్చ లైటు వెలుగుతోందా?”

“ఎలుగుతంది.”

ఆ మాట అంటుంటే ఆమె చూపు తన చేతుల మీద పడింది. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళ కొసలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. జీడిరసం మరక సబ్బుకు పోదు. ఇప్పుడాడిన అబద్ధం కూడా ఆ నలుపులో కనబడుతోందనిపించి చేతులు కొంగు కింద దాచుకుంది. కూర్మయ్య ఆమె వైపు చూడలేదు. పైకప్పు ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు.

ఉద్దానంలో కిడ్నీలు పోయిన మనిషి లేని వీధి ఉండదు. కూర్మయ్య కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. ఒకరోజు సగం చెట్టు దాకా ఎక్కి, ఊపిరి అందక దిగిపోయాడు. అప్పటి నుంచి మళ్ళీ చెట్టెక్కలేదు. రక్తం కడిగే యంత్రానికి ఒంట్లోంచి ఒక దారి కావాలి. చేతుల్లో చేసిన దారులు మూసుకుపోయాయి. మెడ ఎడమ వైపు నరం పూడిపోయింది. తొడలో వేసిన గొట్టం చీము పట్టింది. చివరికి మెడ కుడి వైపు నుంచి గుండె గుమ్మం దాకా మెత్తని గొట్టం దించి, దాని రెండు తోకలనూ ఛాతీ మీద బయటికి తీశారు. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నీలం మూత. “దీన్ని కంటికి రెప్పలా చూసుకోండి. ఇది పోతే ఇంకో దారి నా దగ్గర లేదు” అని డాక్టరు ముందే చెప్పేశాడు.

ఇలాంటి గొట్టాలన్నిటికీ ఒకటే జబ్బు. వాడని వేళల్లో లోపల రక్తం పొరలు పొరలుగా పేరుకుంటుంది. మందు నింపి మూత బిగించినా ఎప్పుడో ఒకప్పుడు పూడుకుపోతుంది. గడ్డ కరిగించే మందు వేరే ఉంది. అది కూర్మయ్యకు వేయడానికి లేదు. కిందటేడు కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకున్న మనిషి అతను.

అందుకే ఆసుపత్రి ల్యాబులో పరిశోధన చేసే నీరజాక్షి మేడమ్ తన చీమల కోసం అతన్ని ఎంచుకుంది.

చీమలని పేరు పెట్టింది వార్డువాళ్ళు. మేడమ్ ఏదో పెద్ద పేరే పెట్టింది కానీ అది ఎవరి నోటా తిరగలేదు. కంటికి ఆననంత చిన్న రేణువులు. గొట్టం లోపలి గోడకు అతుక్కుని నిద్రపోతాయి. నేర్పిన గొంతు జానెడు దూరంలో పలికిందా, ఆ అదురుకు లేచి గోడంతా పాకి, పేరుకుంటున్న పొరను గీకి పొడి చేసి, మళ్ళీ వెళ్ళి పడుకుంటాయి. అవి లేస్తే మూత మీదున్న నలుసంత ఎర్రదీపం పచ్చబడుతుంది. బస్సు హారనుకూ పెళ్ళి మైకుకూ లేచి తిరగకూడదు కాబట్టి, ఒక్క గొంతుకే, ఆ గొంతు పలికే ఒక్క పిలుపుకే లేచేలా మేడమ్ వాటిని తయారు చేసింది. ఫోనులో వినబడే గొంతు వాటికి పట్టదు. మనిషి రొమ్ములోంచి వచ్చే అదురే కావాలి.

నేర్పిన రోజున మేడమ్ ఎంతో హుషారుగా ఉంది. ల్యాబు వార్డు వెనకనే. కూర్మయ్యను అక్కడి బల్ల మీద పడుకోబెట్టారు.

“మనిషి పేరైతే మంచిది. ఏళ్ళ తరబడి పిలిచిన పేరు ఎప్పుడు పలికినా ఒకేలా వస్తుంది. భార్య అయితే మరీ మంచిది, రోజూ పక్కనే ఉంటుంది” అంటూ అగ్గిపెట్టెంత యంత్రాన్ని దాలమ్మ చేతిలో పెట్టింది. “ఆయన గుండెల దగ్గర వంగి ఇందులోకి ఆయన పేరు పిలవండి. పచ్చ లైటు నిలకడగా వెలిగేదాకా పిలుస్తూనే ఉండండి. సిగ్గేం లేదు, నేను వార్డులో ఉంటాను.” తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

సిగ్గేం లేదని ఎంత తేలిగ్గా అనేసింది!

దాలమ్మ పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు పలికి ఎరగదు. రేషను దుకాణంలో అడిగితే పక్కనున్న వాళ్ళ చేత చెప్పించేది. శ్రీకూర్మం వెళ్ళే బస్సెక్కి “ఆ దేవుడి ఊరికి” అని టికెట్టు అడిగితే కండక్టరు నవ్వి, అర్థం చేసుకుని ఇచ్చాడు. పెనిమిటి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆమె తల్లి చెప్పింది. ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది. అందులో నిజమెంతో ఎవరూ ఎవరినీ అడగలేదు.

గదిలో తవిటమ్మ కూడా ఉంది. కూర్మయ్యకు అక్క. వెనక వీధిలోనే ఒంటరిగా ఉంటుంది, కూతురిని బరంపురం ఇచ్చింది.

“వదినా, నువ్వు పిలీ” అని దాలమ్మ ఆ యంత్రాన్ని ఆమె చేతిలో కుక్కింది.

“నానేటి? ఆ మేడమ్ పెళ్ళాం గొంతు గదా అడిగింది!”

“గొంతు గొంతే గదా వదినా. నీకు దండం పెడతాను.”

“బాగుందే సంబడం. నీ మొగుణ్ణి నాను పిలవాలా?” అంటూనే తవిటమ్మ నవ్వి, తమ్ముడి ఛాతీ మీదకు వంగి, చెట్టు మీంచి దిగమని కేకేసినట్టు పిలిచింది. “ఒరే కూర్మా!”

“ఏటే అక్కా” అని కూర్మయ్య అలవాటుగా పలికాడు.

“నోర్ముయ్యిరా. నిన్ను గాదు, సీమల్ని పిలుస్తన్నాను.”

ముగ్గురూ నోటికి బట్ట అడ్డం పెట్టుకుని నవ్వారు. యంత్రం మాటను మాటగా దాచదు, అదురును గీతలుగా మారుస్తుందంతే. దీపం పచ్చబడింది. మేడమ్ తలుపు తీసుకుని వచ్చి ఆ గీతలు చూసి, “భార్య గొంతుకు ఎంత చక్కగా లేచాయో చూడండి!” అని దాలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ నల్లని వేళ్ళను అంత ఆప్యాయంగా పట్టుకున్న వాళ్ళు అంతకుముందు లేరు. అప్పుడే చెప్పేయాల్సింది. దాలమ్మ చేతులు వెనక్కి తీసుకుని కూర్మయ్య చొక్కా గుండీలు పెట్టసాగింది. మేడమ్ ఆ గీతలు తీసుకెళ్ళి విశాఖపట్నంలో పెద్ద డాక్టర్ల సభలో చూపించిందని తరువాత తెలిసింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే తవిటమ్మ వచ్చేది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తమ్ముడి మీదకు వంగి ఒక్క కేక వేసేది. దీపం పచ్చబడగానే “ఒరే, నీ సీమలకి నీకంటే బుద్ధి బాగుందిరా. ఒక్క పిలుపుకే లేస్తన్నాయి” అని టీ తాగి వెళ్ళిపోయేది. గొట్టం ఒక్కనాడు కూడా మొరాయించలేదు.

మొదట దాలమ్మ కూడా నవ్వేది. తరువాత ఆ నవ్వు తగ్గింది. అక్క వచ్చే వేళకు కూర్మయ్య లేచి, ముఖం కడుక్కుని, చొక్కా గుండీలు విప్పుకుని కూర్చునేవాడు. ఆమె వంగడం, పిలవడం, అతను ‘ఆఁ’ అనడం, ఆ పచ్చ వెలుతురు ఇద్దరి గడ్డాల కింద పడడం, ఇదంతా దాలమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి చూసేది. తన చోట ఇంకొకరు నిలబడ్డారు. నిలబెట్టింది తనే. అది తెలుసు కాబట్టే ఒళ్ళు మరీ మండేది.

“నా తమ్ముడి రగతం నా మాట ఇంటాది” అని తవిటమ్మ కుళాయి దగ్గర అనేది. ఆ మాట తిరిగి తిరిగి జీడి బట్టీ దాకా వచ్చింది. పిక్కలు కొడుతున్న ఆడవాళ్ళలో ఒకామె, “ఏటే దాలీ, నీ మొగుడి ఊపిరి నీ వదిన కొంగున ముడేసుకుందంట గదా” అంది. అందరూ నవ్వారు. అందులో విషమేమీ లేదు. అయినా మర్నాడు పొద్దున్న తవిటమ్మ గుమ్మం ఎక్కగానే దాలమ్మ ఆగలేకపోయింది.

“నీ గొంతుకి అంత బడాయి ఎందుకు వదినా? ఊరంతా దండోరా ఏస్తన్నావు. రేపట్నుంచి నా మొగుణ్ణి నానే పిలుసుకుంతాను. నా గడప తొక్కకు.”

తవిటమ్మ కడుక్కున్న చేతులు అలాగే గాలిలో పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజు పిలుపు పిలిచింది. టీ మాత్రం ముట్టుకోలేదు.

“పిలుసుకో తల్లీ. నోట్లో నాలిక ఉంటే పిలుసుకో” అని వెళ్ళి బరంపురం బస్సెక్కేసింది.

తరువాత రోజు పొద్దున్న దాలమ్మ తలుపు గడియ పెట్టి మొగుడి మీదకు వంగింది. అతను కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి, పేరు రాలేదు. “ఇదిగో” అంది. దీపం ఎర్రగానే ఉంది. “ఏవండోయ్” అంది, సినిమాలో పట్నం ఆడవాళ్ళలాగ. కూర్మయ్యకు నవ్వొచ్చి గొట్టం కదిలింది. దీపం ఎర్రగానే ఉంది. ఒకనాడు అతను నిద్రలో ఉండగా మొదటి అక్షరం దాకా వచ్చి, ఆపేసి, పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

“అక్కకి ఫోన్ సేసి రమ్మననా?” అని అడిగాడు కూర్మయ్య.

“అక్కర్నేదు. నాను సేస్తాను గదా.”

అతను మళ్ళీ అడగలేదు. అడగాల్సింది. ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. కడిగించుకోవడానికి వెళ్ళిన రోజుల్లో సిస్టర్ అడిగితే దాలమ్మ పిలుస్తున్నానంది. మొదటిసారి రక్తం కొంచెం నెమ్మదిగా వచ్చింది. రెండోసారి యంత్రం పదే పదే కూత పెట్టింది. ఇవాళ అసలు రాలేదు.

కబురు అందుకుని నీరజాక్షి మేడమ్ ల్యాబులోంచి పరుగున వచ్చింది. మూత మీది దీపం చూసింది, సిరంజి చూసింది. కూర్మయ్య కాళ్ళు వాచి ఉన్నాయి, రెండు మాటలకు ఒకసారి ఊపిరి అందడం లేదు.

“ఇంత పొర పట్టిందంటే చీమలు లేవడం లేదన్నమాట. ఇంకా పూర్తిగా పూడుకోలేదు, ఇవాళ లేపితే లేస్తాయి. పొద్దు గూకేసరికి అవి గడ్డ కింద కూరుకుపోతే ఇంక ఎవరు పిలిచినా లేవవు. దాలమ్మగారూ, పిలవండి. ఇప్పుడే, నా ముందు.”

వార్డంతా ఇటు తిరిగింది. యంత్రాలకు కట్టి ఉన్న రోగులు, వాళ్ళ పక్కన కూర్చున్న పెళ్ళాలు, అందరూ తెలిసిన ముఖాలే. ఎస్తేరు సిస్టర్ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“మేడమ్, దాన్ని అడక్కండి” అన్నాడు కూర్మయ్య ఆయాసంతో.

“మీరు మాట్లాడకండి. పిలవండమ్మా.”

దాలమ్మ మంచం పట్టె పట్టుకుంది. నేల బద్దలై తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. కానీ అతని ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

“ఆ గొంతు నాది కాదమ్మా” అంది.

“ఏమిటీ?”

“మా వదిన పిలిసింది. ఆ రోజూ ఆవిడే, రోజూ ఆవిడే. నాను... ఆయన పేరు నాను పలకనమ్మా. వదిన్ని నోటికొచ్చినట్టు తిట్టి తగిలీసినాను. నాను సెప్పిందంతా అబద్ధమే.”

మేడమ్ ముఖం ఎర్రబడింది. “అంతమంది ముందు నేను భార్య గొంతని చెప్పి...” అని మొదలుపెట్టి, ఆగిపోయింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. “మీరు ఆయన్ని పేరుతో పిలుస్తారా అని నేను అడగనేలేదు కదా” అంది చివరికి. కోపం ఉన్నంతసేపు దాలమ్మ తట్టుకుని నిలబడింది. ఆ మాటకు మాత్రం ఏడుపొచ్చింది.

సిస్టర్ బరంపురం ఫోన్ కలిపింది. తవిటమ్మ ఎత్తగానే ఫోను దాలమ్మ చెవికి పెట్టింది.

“వదినా, నాను దాలమ్మని.”

దాలమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

“నాను పాపిష్టిదాన్ని వదినా. నువ్వు రావాల. మా ఆయనకి ఊపిరందడం నేదు. కాళ్ళట్టుకుంతాను.”

“నా కాళ్ళు నీకెందుకే?” అంది తవిటమ్మ గొంతు. “ముందు ఆ ఫోను నా తమ్ముడి కాడెట్టు.”

మేడమ్ వద్దని తల ఊపినా సిస్టర్ ఫోను కూర్మయ్య ఛాతీ దగ్గర పెట్టింది. అందులోంచి ఒరే కూర్మా, ఒరే కూర్మా అని ఒకటే కేకలు. దీపం ఎర్రగానే ఉంది. తవిటమ్మ కేకలు ఆపి, “బస్సెక్కుతన్నాను” అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమంతా దాలమ్మ మొగుడి మంచం పక్కన కూర్చోలేకపోయింది. వరండాలోకి వెళ్ళింది. పలకరిస్తే ఏం చెప్పాలో తెలియక, పలకరించకపోతే మరీ సిగ్గై, స్తంభం చాటున నిలబడింది. లోపల అతని ఊపిరి చప్పుడు అక్కడి దాకా వినబడుతోంది. ఆ పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని కదా భయపడింది. పలకకుండానే ఎంత తరిగిందో లెక్క ఎవరు చెబుతారు?

తవిటమ్మ ఆటో దిగి, చెప్పులు ఎక్కడ విడిచిందో చూసుకోకుండా వచ్చింది. ఎదురుగా నిలబడిన దాలమ్మను పక్కకు నెట్టి లోపలికి వెళ్ళి, తమ్ముణ్ణి చూసి గొల్లుమంది. “ఒరే నాయినా కూర్మా, ఎలాగైపోనావురా!”

దీపం ఎర్రగానే ఉంది.

“ఏడవకండమ్మా. ఆ రోజు పిలిచినట్టే పిలవాలి” అంది మేడమ్.

తవిటమ్మ ముక్కు తుడుచుకుని పిలిచింది. గొంతు జీరబోయి ఉంది. దారంతా ఏడ్చిన గొంతు. మళ్ళీ పిలిచింది. జాలి నిండిన గొంతు చీమలకు తెలియదు, వాటికి తెలిసింది పెత్తనం చేసే గొంతు. సిస్టర్ వేడినీళ్ళు తాగించింది. అయినా లాభం లేదు. బయట కొబ్బరి తోటల నీడలు కిటికీ దాకా వచ్చేశాయి.

కూర్మయ్య కళ్ళు తెరిచాడు. “అక్కా” అన్నాడు, ఊపిరి కూడగట్టుకుని. “నీ అల్లుడు... నీకు తిండెట్టనేదేటే? గొంతు... పిల్లి గొంతయిపోనాది.”

“ఒరే కూర్మా!” అని తవిటమ్మ కస్సుమంది. “సచ్చేవోడివి, నోటికి...”

దీపం పచ్చబడింది.

మేడమ్ వేలు చూపించి, ఇంకా ఇంకా అని సైగ చేసింది. తవిటమ్మ తిట్టుకు తిట్టు కలిపి పేరు పిలుస్తూనే ఉంది. చాలాసేపటికి సిస్టర్ సిరంజి తగిలించి లాగింది. ముందు నల్లని తునకలు, తరువాత ఎర్రని రక్తం దారంలా వచ్చింది. కూర్మయ్యను యంత్రానికి కలిపారు. చక్రం తిరగడం మొదలైంది.

అప్పుడు గానీ తవిటమ్మ దాలమ్మ వైపు తిరగలేదు. “ఏటే అలా సూస్తావు? నాకు టీ నేదేటి?” అంది. దాలమ్మ ఆమె పాదాల దగ్గర కూలబడబోతే భుజం పట్టి ఆపింది.

“టీ తరువాత. చీమలు మెలకువగా ఉన్నప్పుడే ఇంకో గొంతు నేర్పగలం” అంది మేడమ్. “ఇకపై రెండు గొంతులు ఉండాలి. దాలమ్మగారూ, పేరే కానక్కర్లేదమ్మా. ఆ రోజే చెప్పాల్సింది. మీరు ఆయన్ని మామూలుగా ఎలా పిలుస్తారో అలాగే పిలవండి, చాలు.”

పేరే కానక్కర్లేదు! అంటే ఇంత అబద్ధం, ఇంత రభస, ఏ అవసరమూ లేకుండానే జరిగిపోయింది. మామూలుగా దాలమ్మ అతన్ని ఎలా పిలుస్తుంది? వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

“అది నన్ను పిలవదు మేడమ్” అన్నాడు కూర్మయ్య. “గుమ్మం కాడ నిలబడి గాజులాడిస్తాది. నాను ఎల్తాను.”

“గాజులు కుదరవే. గొంతే కావాలి” అంది మేడమ్.

“ఇదిగో అనీయే, మీ అమ్మ అలాగే అనీది” అంది తవిటమ్మ.

ఇదిగో అని దాలమ్మ కూరలబండి వాణ్ణీ అంటుంది, దారి తప్పిన మేకనూ అంటుంది. బస్సు ఆపడానికీ అదే. ఇన్నేళ్ళలో ఇతనికంటూ ఆమె ఏ పిలుపూ ఉంచలేదు. అగ్గిపెట్టెంత యంత్రం చేతిలోకి తీసుకుంది. వార్డులో చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆమె కొంగు తల మీద కప్పుకుని, అతని ఛాతీ మీదకు వంగింది.

“కూర్మయ్య” అంది. అది ఆమెకే సరిగ్గా వినబడలేదు.

“కొంచెం గట్టిగా అమ్మా.”

“కూర్మయ్యా.”

తవిటమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. కూర్మయ్య ఊపిరి ఒక క్షణం ఆగినట్టయి మళ్ళీ నడిచింది. “ఆఁ” అన్నాడు. పిలిచిన ప్రతిసారీ ఆమె చెవులు కాలిపోతున్నాయి. పిలిచిన ప్రతిసారీ అతను పలుకుతున్నాడు. మిణుకు మిణుకుమంటున్న దీపం ఆఖరికి నిలకడగా పచ్చబడింది.

“చాలమ్మా, నేర్చేసుకున్నాయి” అంది మేడమ్.

కూర్మయ్య తల అడ్డంగా ఊపాడు.

“నేదు మేడమ్. ఇంకా నేర్సుకోనేదు. దాన్ని పిలవమనండి.”

కొర్ల ఆదెమ్మ
వయసు అరవై ఏడు
ఇప్పుడు ఉంటున్నది సోంపేటలో, చిన్న కూతురి ఇంట్లో